బుల్లి రివాల్వర్ ఒంటిమీద ఎక్కడ? జేబు, నడుము, కాలు: ఎవరికి ఏది నప్పుతుంది

అమెరికాలో ఐదు తూటాల పొట్టి రివాల్వర్ కొని, నెల తిరక్కుండానే దాన్ని ఇంట్లో వదిలేసి తిరిగేవాళ్లు ఉంటారు. బరువు వల్ల కాదు, అది ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటుంది కాబట్టి. వెంటనే ఇంకో హోల్‌స్టర్ (తుపాకీ పెట్టుకునే ఒర) కొంటారు, అదీ గుచ్చుకుంటుంది. తప్పు హోల్‌స్టర్‌ది కాకపోవచ్చు. రోజులో ఎన్ని గంటలు కూర్చుంటారు, ఎన్ని గంటలు నిలబడతారు, ఏ ప్యాంటు వేసుకుంటారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే. హోల్‌స్టర్ ఆ తరువాతి సంగతి.

ఇక్కడ మాట్లాడుతున్నది స్మిత్ అండ్ వెసన్ కంపెనీ చిన్న రివాల్వర్ల వరస అయిన జె-ఫ్రేమ్ తరహా తుపాకుల గురించి. 642, 442 మోడళ్లు, రూగర్ ఎల్‌సీఆర్ ఈ కోవలోకి వస్తాయి. 642 ఖాళీగా 408 గ్రాములు, .38 స్పెషల్ తూటాలు ఐదూ వేస్తే అర కిలోకి కాస్త తక్కువ. ఎల్‌సీఆర్ ఖాళీగా 383 గ్రాములు. గొట్టం పొడవు రెండు అంగుళాల లోపే. ఈ తుపాకుల్లో అన్నిటికంటే లావైన భాగం, తూటాలు పట్టి ఉంచి గుండ్రంగా తిరిగే సిలిండర్: సుమారు 1.3 అంగుళాలు. మిగతాదంతా సన్నగానే ఉంటుంది. ఆ ఉబ్బు ఎముక మీద పడితే గంటలో నొప్పి మొదలవుతుంది, కండ మీద పడితే రోజంతా గుర్తుకే రాదు.

## ముందు వీసా సంగతి

అమెరికాలోని తెలుగువాళ్లు ఇది మొదట తెలుసుకోవాలి. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, వకీలును అడగకుండా వాటి మీద ఆధారపడకండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, పౌరులకు ఈ నిషేధం లేదు. రహస్యంగా వెంట పెట్టుకోవడం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు చట్టం. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, తుపాకీ కలిగి ఉండే అర్హత ఉన్న 21 ఏళ్లు నిండినవాళ్లకు విడిగా పర్మిట్ అక్కర్లేదు. అయినా పర్మిట్ తీసుకోవడం మేలు, దాన్ని గుర్తించే ఇతర రాష్ట్రాలకు వెళ్లినప్పుడు అక్కరకొస్తుంది. న్యూజెర్సీలో పర్మిట్ తప్పనిసరి. పోస్టాఫీసు, ఫెడరల్ కార్యాలయాల్లోకి ఎక్కడా తీసుకెళ్లకూడదు.

## దేన్ని బట్టి తూచాలి

ట్రిగ్గర్ పూర్తిగా కప్పి ఉండాలి. దీనికి మినహాయింపు లేదు. డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కుడే సుత్తిని లేపి వదిలే) రివాల్వర్ ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, నొక్కడానికి సుమారు 5 కిలోల బలం కావాలి. అయినా జేబులోని తాళంచెవి ట్రిగ్గర్ గార్డులో (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వలయంలో) ఇరుక్కుని, మీరు వంగి కూర్చుంటే ఆ బలం రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

రెండోది నిలుపుదల. ఖాళీ తుపాకీని హోల్‌స్టర్‌లో పెట్టి, పరుపు మీద తలకిందులుగా పట్టుకుని గట్టిగా కుదపండి. నడుము, కాలి హోల్‌స్టర్లలోంచి జారకూడదు. జేబు హోల్‌స్టర్ కాస్త వదులుగానే ఉంటుంది, దాన్ని జేబే పట్టి ఉంచుతుంది.

మూడోది, కూర్చున్నప్పుడు అందుతుందా అన్నది. దుకాణంలో నిలబడి అద్దంలో చూసుకుని అందరూ పొరబడేది ఇక్కడే. రోజుకు రెండు గంటలు కారులో ఉండేవాళ్లకు, సీటు బెల్టు పెట్టుకున్నాక చెయ్యి అక్కడిదాకా వెళ్తుందో లేదో అన్నదే అసలు పరీక్ష.

నాలుగోది గుడ్డ మీద ఆకారం తేలడం, ఐదోది చెమట. డల్లాస్, హ్యూస్టన్ ఎండల్లో ఐదోది నాలుగో దానికంటే ముఖ్యం.

## ప్యాంటు ముందు జేబు

ఇంత చిన్న తుపాకీకి చాలామంది మొదట వెతుక్కునే చోటు ఇదే. అది సబబే. బెల్టుతో, పొడుగు చొక్కాతో పని లేదు. టక్ చేసుకోవచ్చు. వంపు తిరిగిన పిడి వల్ల జేబులో వేళ్లు దూరడానికి కాస్త ఖాళీ ఉంటుంది. చదునైన బుల్లి పిస్టల్‌తో ఈ సౌకర్యం తక్కువ. ఇంకో లాభం కూడా ఉంది. అనుమానం వచ్చిన చోట జేబులో చెయ్యి పెట్టుకుని పిడి పట్టుకుని నిలబడొచ్చు. చూసేవాళ్లకు అది మామూలుగా నిలబడ్డట్టే ఉంటుంది.

పని చేయాలంటే మాత్రం జేబు సరైనది కావాలి. జీన్స్ జేబు నోరు అడ్డంగా, బిగుతుగా ఉంటుంది. పిడి చుట్టూ బిగించిన పిడికిలి అందులోంచి బయటికి రాదు. చినోలు, ఆఫీసు ప్యాంట్లలో ఏటవాలుగా కోసిన జేబులు బావుంటాయి. కొనేముందు పరీక్ష తేలికే: పిడికిలి బిగించి జేబులో పెట్టి, ఒక్క ఊపులో తీయండి. ఇరుక్కుంటే ఆ ప్యాంటు దీనికి పనికిరాదు. పల్చటి లినెన్ అయితే బరువుకి జేబు గంటలా ఊగుతుంది. అడుగుగుడ్డ మందంగా ఉన్న ప్యాంటు చూసుకోండి, లేదా దర్జీ చేత రెండో పొర కుట్టించుకోండి.

జేబు హోల్‌స్టర్ మూడు పనులు చేయాలి. ట్రిగ్గర్ కప్పాలి, తుపాకీ పక్కకి తిరగకుండా నిటారుగా నిలపాలి, తుపాకీ లాగినప్పుడు తను జేబులోనే ఉండిపోవాలి. ఈ మూడోది చేయలేనివి చాలా ఉన్నాయి, హోల్‌స్టర్‌తో సహా తుపాకీ బయటికొస్తుంది. అందుకే పైపొర జిగటగా ఉండే డిసాంటిస్ నెమెసిస్ లాంటివి, లేదా జేబు అంచుకి తట్టుకునేలా కొక్కెంలా కోసిన తోలువి తీసుకోవాలి. తోలువాటిలో బయటి వైపు చదునైన రేకు ఉన్నదైతే ఆకారం పర్సులా కనిపిస్తుంది.

ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు. తాళాలు, చిల్లర, ఆఖరికి మడత పెట్టిన రసీదు కూడా వద్దు. గుడ్డ నూలు సిలిండర్ సందుల్లోకి, తూటా డొల్లలను బయటికి తోసే నక్షత్రాకారపు బిళ్ల కిందికి చేరుతుంది. అక్కడ చేరితే సిలిండర్ సరిగ్గా మూసుకోదు, తిరగడం బరువెక్కుతుంది. వారానికోసారి తూటాలు తీసేసి పాత పళ్ల బ్రష్‌తో దులిపితే చాలు.

రబ్బరు పిడి చేతికి హాయిగా ఉంటుంది కానీ జేబు లోపలి గుడ్డని పట్టుకుంటుంది. జేబుకి నున్నటి చెక్క లేదా గట్టి ప్లాస్టిక్ పిడి మేలు. తూటాని పేల్చే సుత్తి కొమ్ము బయటికి పొడుచుకొచ్చే పాత స్మిత్ అండ్ వెసన్ 36, 60 మోడళ్లు జేబు అంచుకి తగులుకుంటాయి. తీసేటప్పుడు బొటనవేలు సుత్తి మీద పెట్టి లాగితే తగలదు, కానీ అది అలవాటు కావాలి. సుత్తి లోపలే మూసి ఉన్న 642, 442, ఎల్‌సీఆర్ ఇందుకే జేబుకి సరిపోతాయి.

జేబు ఓడిపోయేది కారులో. కూర్చుంటే తుపాకీ తొడకీ తుంటికీ మధ్య మడతలో పడుతుంది. సీటు బెల్టు కింద నుంచి దాన్ని తీయడం దాదాపు అసాధ్యం. ఇంకో జాగ్రత్త: తుపాకీని జేబులో ఉన్న హోల్‌స్టర్‌లోకి ఎప్పుడూ తిరిగి దూర్చకండి. హోల్‌స్టర్ బయటికి తీసి, తుపాకీ అందులో పెట్టి, రెండూ కలిపి జేబులో పెట్టండి.

## నడుము ముందు, ప్యాంటు లోపల

గడియారం లెక్కలో చెప్పుకుందాం. బొడ్డు 12, కుడి తుంటి 3, వెన్నెముక 6. కుడిచేతి వాటం వాళ్లకు 12 నుంచి 1 మధ్యలో పెట్టుకోవడం ఈ పద్ధతి. కూర్చున్నా, నిలబడ్డా, సీటు బెల్టు ఉన్నా చెయ్యి అందేది దీనికే. వదులు చొక్కా కింద కనిపించకుండా పోయేదీ ఇదే.

పొట్టి గొట్టం ఇక్కడ వరమనుకుంటారు, నిజానికి ఇబ్బందే. బెల్టు కింద ఉన్న భాగం తక్కువ, పైన పిడి, సిలిండర్ల బరువు ఎక్కువ. దాంతో పిడి ముందుకు వాలి చొక్కాలోంచి పొడుచుకొస్తుంది. దీనికి మందు మూడు రకాలు: గొట్టం కంటే ఒక అంగుళమో రెండో పొడవుండే హోల్‌స్టర్, బెల్టుకి లోపలివైపు నుంచి ఒత్తి పిడిని ఒంట్లోకి తిప్పే చిన్న రెక్క, అడుగున ఒంటివైపు అంటించే నురుగు ముక్క. ఈ మూడోది చవక, తేడా మాత్రం ఎక్కువ చూపిస్తుంది. జె-ఫ్రేమ్ కోసమే చేసిన పీహెచ్‌ఎల్‌స్టర్ సిటీ స్పెషల్ లాంటివి ఈ వాలుడుని దృష్టిలో పెట్టుకుని చేసినవే. ప్యాంటు నడుము ఒక అంగుళం ఎక్కువ తీసుకోండి. పాత కొలతే ఉంచి ఎంత ఖరీదైన హోల్‌స్టర్ పెట్టినా సుఖం ఉండదు.

పొట్ట ఉన్నవాళ్లు కూర్చున్నప్పుడు పిడి పొట్టలో గుచ్చుతుంది. 1 గంట చోటికి జరిపి, హోల్‌స్టర్‌ని కాస్త కిందికి దించి చూడండి. అయినా గుచ్చితే పట్టుబట్టకండి, తుంటి మీదికి మారండి.

ఇక్కడ గొట్టం తొడ రక్తనాళాల వైపు చూస్తూ ఉంటుంది. అందుకే తుపాకీ తిరిగి పెట్టడమే ఈ పద్ధతిలో అతి ప్రమాదకరమైన క్షణం. చొక్కా పూర్తిగా పైకెత్తి, కళ్లతో చూస్తూ, నడుము ముందుకు తోసి, నెమ్మదిగా పెట్టాలి. సుత్తి బయట ఉన్న తుపాకీ అయితే బొటనవేలు సుత్తి మీద ఆన్చవచ్చు. ఏదైనా ట్రిగ్గర్‌ని నొక్కుతుంటే సుత్తి వెనక్కి లేస్తుంది, వేలికి తెలిసిపోతుంది. మూసిన సుత్తి ఉన్న 642లో ఈ హెచ్చరిక ఉండదు. అంటే జేబుకి మంచిదైన గుణమే నడుముకి లోటు. సుత్తి చుట్టూ గోడలు ఉండి కొన మాత్రం వేలికందే 638 ఈ రెంటికీ మధ్యేమార్గం. నడుమే ఖాయం అనుకుంటే కొనేముందే ఈ తేడా ఆలోచించుకోండి.

కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ చెమటని పీల్చదు, నోరు ముడుచుకోదు. తోలు ఒంటికి మెత్తగా ఉంటుంది కానీ చెమటకి నాని మెత్తబడుతుంది. పాతబడిన తోలు అంచు లోపలికి మడతపడి ట్రిగ్గర్ గార్డులోకి దూరితే, తుపాకీ పెడుతుండగానే పేలవచ్చు. అంచు మెత్తబడిన రోజే ఆ హోల్‌స్టర్‌ని పారేయండి.

## తుంటి మీద

3 నుంచి 4 గంటల మధ్య. పొట్ట ఉన్నవాళ్లకు ఇదే సుఖం. ప్యాంటు లోపల పెడితే సిలిండర్ ఉబ్బు తుంటి ఎముక వెనక ఉన్న పల్లంలో పడాలి. ఎముక మీద పడితే ఒక అంగుళం వెనక్కి జరపండి. బెల్టు బయట పెట్టే రెండు రెక్కల తోలు హోల్‌స్టర్ అన్నిటికన్నా హాయి. కానీ దాన్ని కప్పాలంటే కోటో, తుంటి దాటే చొక్కానో కావాలి. చలికాలానికి బావుంటుంది.

వంగితే ఆకారం తేలడం దీని బలహీనత. పెద్దవాళ్ల కాళ్లకు దణ్ణం పెట్టడానికి వంగినప్పుడు పిడి చొక్కాలోంచి స్పష్టంగా కనిపిస్తుంది. మోకాళ్లు వంచి కిందికి దిగితే కనిపించదు. లాల్చీ దాచడానికి గొప్పది, తీయడానికి చెడ్డది. మోకాళ్ల దాకా ఉన్న గుడ్డని ఒక్క చేత్తో పైకి లాగడం కష్టం. పక్క చీలిక పొడుగ్గా ఉన్న లాల్చీ అయితే అందులోంచి చెయ్యి పోతుంది, ఆ చీలిక చోటు చూసుకుని హోల్‌స్టర్ స్థానం సర్దుకోవాలి.

కారులో సీటు బెల్టు బకిల్, సీటు పక్క ఎత్తు అడ్డం వస్తాయి. కూర్చోగానే చొక్కా అంచుని సీటు బెల్టు బయటికి తీసి పెట్టుకుంటే కొంత నయం.

## కాలి చీలమండ దగ్గర

కుడిచేతి వాటం వాళ్లు ఎడమ కాలి లోపలివైపు కట్టుకోవాలి. గాల్కో యాంకిల్ గ్లోవ్ లాంటివి సాగే పట్టీ, లోపల గొర్రె ఉన్ని మెత్తతో వస్తాయి. 400 గ్రాముల తుపాకీకి సరిపోతాయి. 600 గ్రాముల స్టీలు తుపాకీ అయితే సాయంత్రానికి కాలు లాగుతుంది, నడకలో తేడా కనిపిస్తుంది. పిక్క కింద కట్టే రెండో పట్టీ ఉంటే జారదు. అలవాటు కావడానికి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజు ఒక గంటతో మొదలుపెట్టండి.

రోజంతా కారు నడిపేవాళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. కూర్చుని మోకాలు పైకి తెస్తే చేతికి అందుతుంది. నిలబడి ఉంటే మాత్రం ఒంటి మోకాలి మీద కూర్చుని ప్యాంటు ఎత్తాలి, అంత సమయం దొరక్కపోవచ్చు. పోలీసులు ఎక్కువగా రెండో తుపాకీకే ఈ చోటు వాడటానికి కారణం అదే. పైగా మన ఇళ్లలో, గుళ్లలో చెప్పులు విప్పి కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం. ప్యాంటు అంచు పైకి లేచి హోల్‌స్టర్ అందరికీ కనబడుతుంది. శుభకార్యాలకు తిరిగే తెలుగువాళ్లకు ఈ ఒక్క కారణం చాలు, దీన్ని పక్కన పెట్టడానికి.

## బెల్టు లేని బట్టలు

సల్వార్, గౌను, వ్యాయామం బట్టలు వేసుకునేవాళ్లకు రెండు దారులు. సాగే నడికట్టు చవక. కానీ చాలావాటిలో తుపాకీ జేబు ఉత్త గుడ్డే, గుడ్డ మీద నుంచే ట్రిగ్గర్ నొక్కవచ్చు. ట్రిగ్గర్ మీద గట్టి తొడుగు ఉన్నది తప్ప తీసుకోకండి. కొన్ని నెలలకి సాగుడు తగ్గి కిందికి జారుతుంది, అప్పుడు మార్చాలి. రెండోది పీహెచ్‌ఎల్‌స్టర్ ఎనిగ్మా తరహా: తనకి సొంత పట్టీ, కైడెక్స్ హోల్‌స్టర్ ఉన్న చట్రం. ఖరీదు ఎక్కువ, సర్దుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది, కానీ బట్టలతో నిమిత్తం లేకుండా నిలుస్తుంది. చీర కింద ఏదీ తీయడానికి వీలుగా ఉండదు. చీర కట్టిన రోజు తుపాకీ ఇంట్లో తాళం వేసి ఉంచడమే మా సలహా.

## వద్దనేవి

హ్యాండ్‌బ్యాగులో వద్దు. బ్యాగు కుర్చీకి తగిలించి మరిచిపోతాం, పిల్లలు చెయ్యి పెడతారు. తప్పదనుకుంటే తాళం, విడి అర, లోపల హోల్‌స్టర్ ఉన్నది, అదీ భుజం దిగకుండా. నడుము వెనక సరిగ్గా వెన్నెముక మీద వద్దు, వెల్లకిలా పడితే వెన్నుకి దెబ్బ. పిడికి చిన్న గట్టులాంటిది ఉండి ప్యాంటు అంచుకి తగిలించే పిడులు దొరుకుతాయి. అన్నిటికంటే పల్చగా ఉండేవి అవే, కానీ ట్రిగ్గర్ బయటే ఉంటుంది కాబట్టి మేం చెప్పం. భుజం పట్టీ హోల్‌స్టర్‌కి కోటు కావాలి.

| ఎక్కడ | నిలబడి | కారులో | దాగడం | చెమట | కావలసింది |
|---|---|---|---|---|---|
| ముందు జేబు | చాలా సుఖం, త్వరగా అందుతుంది | అందదు | బాగుంది | కొద్దిగా | ఏటవాలు జేబు, నున్నటి పిడి |
| నడుము ముందు | సుఖం | అందుతుంది | చాలా బాగుంది | ఎక్కువ | ఒక అంగుళం వదులు ప్యాంటు, కైడెక్స్ |
| తుంటి, లోపల | సుఖం | కష్టంగా | వంగితే తేలుతుంది | ఎక్కువ | వదులు చొక్కా, గట్టి బెల్టు |
| తుంటి, బయట | అన్నిటికన్నా సుఖం | కష్టంగా | కోటు ఉంటేనే | తక్కువ | కోటు |
| చీలమండ | అందడం ఆలస్యం | బాగా అందుతుంది | కూర్చుంటే తేలుతుంది | తక్కువ | తేలిక తుపాకీ, వెడల్పు అంచు ప్యాంటు |
| చట్రం పట్టీ | సుఖం | అందుతుంది | చాలా బాగుంది | ఎక్కువ | సర్దుకునే ఓపిక |

## ఎవరికి ఏది

దుకాణం, మోటెల్ కౌంటరు దగ్గర రోజంతా నిలబడేవాళ్లకు ముందు జేబు. ఇంకొకటి చూడక్కర్లేదు. రోజులో చాలాసేపు కారులోనో డెస్కు దగ్గరో కూర్చునే సన్నటివాళ్లకు నడుము ముందు. అదే కూర్చుని చేసే పని, కానీ పొట్ట ఉంటే తుంటి లోపల, 4 గంటల దగ్గర. కారులో అందడం తగ్గుతుంది, ఆ లోటు ఒప్పుకునే పెట్టుకోవాలి. కొందరు జేబునే ఎంచుకుని, కారెక్కేముందు తుపాకీని వేరే చోటికి మారుస్తారు. అది చేయకండి. పార్కింగ్‌లో తుపాకీ చేతిలో ఎన్నిసార్లు ఆడితే, పొరపాటుకి అన్ని అవకాశాలు.

ఇంకా తేలికైన తుపాకీ కొంటే ఈ గొడవ ఉండదని కొందరంటారు. స్కాండియం మిశ్రమంతో చేసినవి 340 గ్రాముల దగ్గర కూడా ఉన్నాయి, జేబులో ఉన్నట్టే తెలియదు. కానీ కాలిస్తే అరచెయ్యి మండుతుంది, దాంతో సాధన మానేస్తారు. అంత తేలిక తుపాకుల్లో ఇంకో చిక్కు ఉంది. కుదుపుకి, ఇంకా కాల్చని తూటాల కొనలు డొల్లలోంచి ముందుకు జారి సిలిండర్‌ని తిరగకుండా పట్టేస్తాయి. నాలుగు కాల్చి ఐదోదాన్ని తీసి, ఆ పెట్టెలోని కొత్త తూటా పక్కన పెట్టి పొడవు పోల్చండి. తేడా కనిపిస్తే ఆ రకం తూటా మీ తుపాకీకి పనికిరాదు. సుఖం, సాధన రెండూ కావాలంటే 400 గ్రాముల అల్యూమినియం ఫ్రేమే సరైన చోటని మా అభిప్రాయం.

## డబ్బు పెట్టాక, బయటికి వెళ్లేముందు

తూటాలన్నీ తీసి లెక్కపెట్టి వేరే గదిలో పెట్టండి. సిలిండర్ మరోసారి తెరిచి చూసి, ఐదు డమ్మీ (పేలని) తూటాలు వేసి ఇంట్లో మూడు గంటలు వేసుకు తిరగండి. సోఫాలో కూర్చోండి, బూట్ల తాడు కట్టుకోండి, పై అర నుంచి డబ్బా దించండి, గొంతుక్కూర్చోండి. ఎన్నిసార్లు చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్లి సర్దిందో గుర్తుపెట్టుకోండి. గంటకి మూడుసార్లు మించితే చోటు మార్చాలి. తరువాత అదే చొక్కాతో నిలబడి పది, కుర్చీలో కూర్చుని పది సార్లు నెమ్మదిగా తీసి చూడండి.

చెమట తగిలే చోట పెట్టుకుంటే వారానికోసారి నూనె గుడ్డతో తుడవాలి. స్టెయిన్‌లెస్ సిలిండర్ ఉన్న 642 కంటే నల్లటి 442కి తుప్పు త్వరగా పడుతుంది.

ఇంటికొచ్చాక తుపాకీని హోల్‌స్టర్‌లోంచి తీయకుండా, రెండూ కలిపి తాళం పెట్టెలో పెట్టండి. దాంతోపాటు విడి తూటాల పట్టీ కూడా. ఆ పట్టీ పల్చగా ఉండి జీన్స్ చిన్న జేబులో, ల్యాప్‌టాప్ బ్యాగు అరలో మరిచిపోవడానికి అనువుగా ఉంటుంది. ఇండియాలో లైసెన్సు లేకుండా ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసే. శంషాబాద్ విమానాశ్రయంలో స్కానర్ ముందు అది బయటపడితే, తుపాకీ డల్లాస్ ఇంట్లో తాళం వేసి ఉందన్న మాట అక్కరకు రాదు. షూటింగ్ రేంజికి తీసుకెళ్లిన బ్యాగుతో ఊరికి ప్రయాణం కట్టకండి, దానికి వేరే బ్యాగు కొనండి.